నాన్నగారి తలలో గడ్డ అన్నారు. కత్తి పెడితే పాకిపోతుందంటున్నారు, నిజమేనా?

ముమ్మిడివరం అమ్మాయి అడిగింది:

నమస్తే అండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 56 ఏళ్ళు. రెండెకరాల వరి, గట్ల మీద కొబ్బరిచెట్లు. పన్నెండు రోజుల క్రితం దాళ్వా ఊడ్పులు జరుగుతుంటే, గట్టు మీద నిలబడి కూలీలతో మాట్లాడుతూ ఉండగా కుడిచెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలైందట. మూతి కుడిపక్కకి లాగేసి పడిపోయారు. అక్కడున్నవాళ్ళు చేతిలో తాళాలగుత్తి పెట్టారు, పళ్ళు బిగుసుకుపోయాయని ఎవరో గరిటె పెట్టబోతే ముందుపన్ను విరిగింది. అంతకుముందు రెండు నెలలుగా తెల్లవారుజామున తలనొప్పి అంటూనే ఉన్నారు. పైత్యం అనుకున్నాం.

అమలాపురంలో సీటీ తీసి, తలలో ఏదో ఉంది కాకినాడ వెళ్ళమన్నారు. ఎదుర్లంక వారధి మీదుగా అదే రాత్రి తీసుకెళ్ళాం. ఎంఆర్ఐ రిపోర్టులో ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో, అంటే మెదడు ముందుభాగంలో, 4.2 × 3.6 సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ వాపు, మధ్యగీత 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది, 'హై గ్రేడ్ గ్లయోమా కావచ్చు' అని రాశారు, అంటే మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే గడ్డ కావచ్చట. రెండు వారాల్లో ఆపరేషన్ చేయించాలన్నారు. ఫిట్స్‌కి లెవెటిరాసిటమ్, వాపుకి డెక్సామెథసోన్ ఇచ్చారు.

ఆ మాత్రలు వేసిన మూడో రోజుకే తలనొప్పి పోయింది, మామూలు మనిషైపోయారు. దాంతో పెదనాన్నగారు, తగ్గిపోయిందిగా, తల కోయించడం దేనికి, కత్తి పెడితే గడ్డ పాకిపోతుంది అంటున్నారు. సుగరు 260కి వెళ్ళిందని నిన్నటి నుంచి డెక్సా మాత్ర కూడా మాన్పించేశారు. పసరు మందు ఇచ్చేవాళ్ళు ఉన్నారట, అక్కడికి తీసుకెళ్దామంటున్నారు. ఇది క్యాన్సరేనా? ఆపరేషన్ చేయిస్తే పాకుతుందా? నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు, నరం వాచిందన్నాం. చెప్పాలా వద్దా? నాకు ఇద్దరు తమ్ముళ్ళు, చిన్నవాళ్ళు. నేనే నిర్ణయం తీసుకోవాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

నరసాపురం రేవు రాశారు:

అక్కా, గడ్డ అనగానే ప్రాణం మీదకి అనుకోకండి. నాకు 2017లో పిట్యుటరీ గ్రంథిలో గడ్డ వచ్చింది. బండి నడుపుతుంటే పక్కల నుంచి వచ్చే మనుషులు కనపడేవారు కాదు, కళ్ళద్దాలు మార్చుకుంటూ కూర్చున్నాను. ముక్కులోంచి తీశారు, తల మీద గాటే లేదు. ఇప్పుడు రోజుకో హార్మోన్ మాత్ర వేసుకుంటాను, అంతే. మీ నాన్నగారిది అదే రకం అనడం లేదు. రకాలు చాలా ఉంటాయని చెప్పడానికే రాస్తున్నాను. మాత్రలు మాత్రం మాన్పించకండి.

అంబాజీపేట కొబ్బరి రాశారు:

తల్లీ, ముందు ఇది చదవడం ఆపి ఆ డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. డెక్సా నిన్నటి నుంచి వెయ్యలేదని చెప్పి ఏం చెయ్యాలో అడుగు. ఈ పూటే. మిగతాది తర్వాత చదువుకుందువుగాని.

మా ఇంట్లో 'తలలో గడ్డ' అన్న మాట రెండుసార్లు విన్నాం. 2014లో మా ఆవిడకి, 2019లో మా తమ్ముడికి. ఫిల్ము మీద ఇద్దరిదీ కోడిగుడ్డంత తెల్లటి ముద్దే. మా ఆవిడ మొన్న సంక్రాంతికి వాకిలినిండా ముగ్గేసింది. తమ్ముడు ఆపరేషన్ అయ్యేక 17 నెలలు ఉన్నాడు. అందుకని ఎవరైనా గడ్డ అంటే, ఏం గడ్డ, దాని పేరేంటి అని అడక్కుండా నేను ఇంకో మాట మాట్లాడను.

మా ఆవిడకి మొదట ఎడమకాలి చెప్పు జారిపోయేది. జారిందని తనకి తెలిసేది కాదు, గుడి దాకా ఒక కాలికే చెప్పుతో నడిచి వెళ్ళిపోయేది. నడుములో నరం నొక్కుకుందని ఎనిమిది నెలలు నడుముకే మందులు వాడేం, బెల్టులు కట్టేం. చివరికి కాలు ఈడ్చడం మొదలైతే అప్పుడు తల స్కాన్ తీసేరు. మెనింజియోమా. అది మెదడులో పుట్టింది కాదు, మెదడు పైన కప్పి ఉండే పొరలో పుట్టి మెదడుని లోపలికి నొక్కుతుంది. కాలుని నడిపించే చోటు నడినెత్తిన ఉంటుందట, సరిగ్గా అక్కడే కూర్చుంది. తీసేసేరు. పెద్ద రక్తనాళానికి అంటుకున్న పలుకంత ముక్క మాత్రం, లాగితే ప్రమాదమని వదిలేసేరు. ముక్క పరీక్షలో గ్రేడ్ 1 అని వచ్చింది. కరెంటు (రేడియేషన్) పెట్టలేదు, కీమో లేదు. మొదట్లో ఏటేటా, ఇప్పుడు రెండేళ్ళకోసారి స్కాన్ తీయిస్తున్నాం. ఆ పలుకు ఉన్నచోటే ఉంది.

తమ్ముడి సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. అయినా నీకు పనికొస్తుందని రాస్తున్నాను.

వాడు మా కొట్లో లెక్క చూసేవాడు. దింపు అయిన తోటలో వెయ్యి కాయలు నోటితో లెక్కపెట్టి ఒక్కటి తేడా రానిచ్చేవాడు కాదు. 2019 ఎండాకాలం నుంచి లెక్క తప్పడం మొదలెట్టేడు. రైతుకి ఇవ్వాల్సింది రెండుసార్లు ఇచ్చేశాడు. తక్కెడ అనబోయి 'అదేనన్నయ్యా, తూచేది' అనేవాడు. తాగుతున్నాడేమోనని అనుమానించేను. నలుగురిలో కేకలేసేను కూడా. ఎదురుచెప్పకుండా తల వంచుకుని నిలబడ్డాడు. అక్టోబరులో ఫిట్స్ వచ్చి పడిపోయేక తెలిసింది, ఎడమచెవి పైన, కొంచెం వెనక్కి, మాటలూ లెక్కలూ ఉండే చోట గడ్డ ఉందని. ఆ కేకలు వెనక్కి తీసుకోలేను కదా. మీ నాన్నగారు ఈ మధ్య చిరాకుపడ్డా, ముభావంగా ఉన్నా, చేసిన పని మర్చిపోయినా ఎవరూ కోప్పడకండి. ముందుభాగంలో గడ్డ ఉంటే మనిషి స్వభావం మారుతుందని మా డాక్టరుగారే చెప్పేరు.

హైదరాబాదులో ఆపరేషన్ చేసేరు. మాట పోకుండా ఉండాలని మధ్యలో మెలకువగా ఉంచేరు. మెదడుకి నొప్పి తెలియదట, నొప్పంతా పైన చర్మానికీ పొరకీనట. ఆవు బొమ్మ, గొడుగు బొమ్మ, కుర్చీ బొమ్మ చూపించి పేర్లు చెప్పమన్నారు. వాడు తడబడ్డచోట డాక్టరుగారు ఆగిపోయేరు. అందుకని మొత్తం రాలేదు. అసలు ఈ రకం మొత్తం రాదు. మా ఆవిడ గడ్డకి అంచు ఉంది, వాడి గడ్డకి అంచు లేదు. గట్టు తెగిన చేలో నీళ్ళలా ఎక్కడిదాకా వెళ్ళిందో కంటికి ఆనదు. గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4.

మీ పెదనాన్నగారి మాటకి ఇదే నా జవాబు. కత్తి పెట్టడం వల్ల పాకడం కాదు, ఆ జాతి గడ్డ కత్తి పెట్టకముందే పాకి ఉంటుంది. ఆపరేషన్ అయ్యేక కొన్నాళ్ళకి మళ్ళీ పెరిగిందని చూసి జనం కత్తి మీదకి తోసేస్తారు. తీసినంత మేర లోపల ఒత్తిడి తగ్గుతుంది, మిగిలిందానికి కరెంటూ మందూ పని చెయ్యడానికి వీలవుతుంది, ముక్క చేతికొస్తే జబ్బు పేరు తెలుస్తుంది. పేరు తెలియకుండా ఏ మందూ లేదు.

డెక్సా గురించి. మూడు రోజుల్లో మామూలు మనిషి అయ్యేరంటే తగ్గింది గడ్డ కాదమ్మా, గడ్డ చుట్టూ ఉన్న వాపు. తమ్ముడికీ అంతే అయ్యింది. మేమూ పండగ చేసుకున్నాం. ఆ మందు సుగరు పెంచుతుంది, నిద్ర పోగొడుతుంది, ఆకలి విపరీతంగా పెంచుతుంది. రాత్రి రెండింటికి లేచి పెరుగన్నం కలుపుకునేవాడు. మొహం గుండ్రంగా వాచింది. అయినా ఉన్నపళాన ఆపకూడదు. వాపు మళ్ళీ లేస్తుంది, పైగా ఒంటికి అలవాటైన మందు ఒక్కసారి మానేస్తే మనిషి కూలబడిపోతాడు. సుగరుకి సుగరు మందు వేస్తారు, కడుపులో మంటకి మంట మాత్ర వేస్తారు. తగ్గించేటప్పుడు డాక్టరే మెట్లుమెట్లుగా తగ్గిస్తారు.

పసరు సంగతి. మా ఆవిడకి మేమూ మూడు వారాలు పోయించేం. పొరలో పెరిగే నిదానపు గడ్డ కాబట్టి మూడు వారాలు పోయినా చెల్లింది. తమ్ముడి గడ్డ అయితే చెల్లేది కాదు. మీ నాన్నగారిది ఏదో ఇంకా తెలియదు, తెలియనప్పుడు వేగంగా పెరిగేదే అనుకుని నడవాలి.

చెప్పాలా వద్దా అన్నావు. మేం తమ్ముడికి రెండు నెలలు చెప్పలేదు. నరం వాపు అనే అన్నాం, మీలాగే. ఒకరోజు కరెంటు పెట్టించుకుని వస్తూ ఆటోలో, 'అన్నయ్యా, నాకు తెలుసు, నా గదిలో అందరూ గుండు గీయించుకున్నవాళ్ళే కదా, మీరు చెప్పకపోతే నేనెవరితో మాట్లాడను' అన్నాడు. ఆ తర్వాత ఆరేడు నెలలు బాగా మాట్లాడేడు. కూతురి పెళ్ళి గురించి, చిట్టీల గురించి, ఎవరి తోట ఎప్పుడు దింపించాలో. 2020 చివరికి వచ్చేసరికి మాటలు ఒక్కొక్కటే పోయేయి. కూతురు ఎదురుగా కూర్చుంటే కళ్ళల్లోంచి నీళ్ళు తప్ప పేరు వచ్చేది కాదు. మీ నాన్నగారిది కూడా ఎడమవైపే తల్లీ. అందరికీ మాట పోతుందని కాదు. పోయేలోపు మేం రెండు నెలలు పారేసుకున్నామే అన్నది నా బాధ. ఆయన అడిగినంత వరకు చెప్పు, అడగనిది ఒకేసారి నెత్తిన పొయ్యకు, అబద్ధం మాత్రం ఆడకు. చెప్పేటప్పుడు డాక్టరుగారిని కూడా ఎదురుగా కూర్చోబెట్టుకో.

ఖర్చుకి, రేషన్ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గరికి మొదటిరోజే వెళ్ళు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆపరేషనూ కరెంటూ అందులో వస్తాయి, కానీ అందులో చేరిన ఆసుపత్రిలోనే. చేరేక చూద్దాంలే అనుకోకు, అనుమతి ముందు రావాలి. 104కి చేసినా చెబుతారు.

పాలకొల్లు రేడియేషన్ డాక్టర్ రాశారు:

పైన అంబాజీపేట వారు రాసినదానిలో నేను సరిదిద్దాల్సింది లేదు. నేను పాలకొల్లు అమ్మాయిని, రేడియేషన్ విభాగంలో పనిచేస్తాను. కొన్ని కలుపుతాను. మీ డాక్టరు చెప్పినదానికి ఇది బదులు కాదు, వారిని ఏం అడగాలో తెలియడానికి.

ఎంఆర్ఐ 'కావచ్చు' అనే చెబుతుంది. మన దేశంలో టీబీ గడ్డలు, పందుల నుంచి వచ్చే బద్దెపురుగు గడ్డలు కూడా ఫిట్స్‌తో మొదలై, స్కాన్‌లో ట్యూమర్‌లా కనిపించి తికమక పెడతాయి. ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో పుట్టిన క్యాన్సర్ మెదడుకి రావడం కూడా ఉంది, అందుకే ఛాతీ స్కాన్ కూడా అడగవచ్చు, కంగారుపడకండి. ముక్క పరీక్షతోనే తేలుతుంది.

చాలామంది 'ఎన్నో స్టేజి?' అని అడుగుతారు. మెదడులో పుట్టిన గడ్డలకి స్టేజి లెక్క లేదు, గ్రేడ్ ఉంటుంది, 1 నుంచి 4 దాకా. ఇవి మెదడు దాటి ఒంట్లోకి వెళ్ళడం చాలా అరుదు. ఇప్పుడు గ్రేడ్ ఒక్కటే కాదు, గడ్డ జన్యువులు కూడా చూడాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన వర్గీకరణ వాటి మీదే నిలబడింది. మూడు పేర్లు కాగితం మీద రాసుకోండి: ఐడీహెచ్, 1పీ/19క్యూ, ఎంజీఎంటీ. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉండి, 1పీ/19క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు పోయి ఉంటే అది ఒలిగోడెండ్రోగ్లయోమా, దానికి మందులూ రేడియేషనూ బాగా పనిచేస్తాయి, ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళని చూస్తున్నాను. ఐడీహెచ్ మార్పు లేని గ్రేడ్ 4 అయితే గ్లయోబ్లాస్టోమా. ఎంజీఎంటీ మిథైలేషన్ ఉంటే, అంటే ఆ జన్యువు మూతపడి ఉంటే, టెమొజొలమైడ్ అనే మాత్ర ఎక్కువ పనిచేస్తుంది. స్కాన్‌లో ఒలిగోడెండ్రోగ్లయోమా, గ్లయోబ్లాస్టోమా రెండూ ఒకలాగే కనపడొచ్చు. అందుకే ఇప్పుడే ఆశ వదులుకోవద్దంటున్నాను, ఊరికే ధైర్యం చెప్పడానికి కాదు.

తీసిన ముక్కని మైనంలో పెట్టి 'బ్లాక్' చేస్తారు. రిపోర్టు కాగితంతో పాటు ఆ బ్లాకు అడిగి తీసుకోవచ్చు. రెండో అభిప్రాయానికి విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినా, వేలూరు వెళ్ళినా ముందు అదే అడుగుతారు. చాలామంది అంత దూరం వెళ్ళి, బ్లాకు కోసం మళ్ళీ వెనక్కి పంపిస్తారు ఇంట్లోవాళ్ళని.

గ్లయోబ్లాస్టోమా అని తేలితే సాధారణంగా ఆపరేషన్ అయిన నాలుగైదు వారాలకి రేడియేషన్ మొదలవుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకోసారి, ఆరు వారాలు, 30 సార్లు. మన జనం కరెంటు అంటారు గాని షాకేమీ తగలదు. మొహానికి వలలాంటి మాస్కు వేడినీళ్ళలో మెత్తబరిచి అచ్చు తీస్తాం, తల కదలకుండా. యంత్రం కింద పది పదిహేను నిమిషాలు. ఆ ఆరు వారాలు రోజూ టెమొజొలమైడ్, తర్వాత నెలకి ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు. ప్రతి విడతకీ ముందు రక్తపరీక్ష తప్పదు, ప్లేట్లెట్లు పడిపోవచ్చు. ముమ్మిడివరం నుంచి రోజూ తిరగకండి, మనిషి అలసిపోతాడు. ఆసుపత్రి దగ్గరే గది చూసుకోండి.

ఈ పద్ధతి 2005లో వచ్చిన అధ్యయనంతో స్థిరపడింది. యూరప్, కెనడాల్లో 573 మంది మీద చేశారు. రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 12.1 నెలలు దాటారు, మాత్ర కలిపితే 14.6 నెలలు. తక్కువే అనిపిస్తుంది. కానీ రెండేళ్ళు దాటినవాళ్ళు నూటికి 10.4 నుంచి 26.5కి పెరిగారు. ఇంటర్నెట్‌లో మీకు ఎలాగూ ఈ అంకెలు ఎదురవుతాయి కాబట్టి రాశాను. ఇవి గ్లయోబ్లాస్టోమావి, మీ నాన్నగారివి అని కాదు.

మళ్ళీ ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము వద్దు, నోట్లో ఏదీ వద్దు, నీళ్ళు పొయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద కండువా పెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108. చెట్టెక్కడం, బండి నడపడం, కాలవలో ఒంటరిగా స్నానం ఇప్పటికి బంద్. కాలవ సంగతి ముఖ్యం. మన వైపు ఫిట్స్‌తో పోయినవాళ్ళలో నీళ్ళలో పడ్డవాళ్ళని నేను ఎక్కువ విన్నాను.

ముమ్మిడివరం అమ్మాయి రాసింది:

బాబాయ్‌గారూ, డాక్టరుగారూ, తమ్ముడూ, అందరికీ దణ్ణాలు. డెక్సా రాత్రే మళ్ళీ మొదలుపెట్టాం, ఫోన్‌లో చెప్పిన మోతాదులోనే. సుగరుకి ఇన్సులిన్ రాశారు. పెదనాన్నగారికి బాబాయ్‌గారు రాసింది మొత్తం చదివి వినిపించాను. బాబాయ్‌గారి తమ్ముడు ఆటోలో అన్న మాట దగ్గర పెదనాన్న లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. అరగంటకి వచ్చి, 'ఎప్పుడు చేరాలన్నారు' అని అడిగారు. గురువారం ఆపరేషన్.

నాన్నగారికి ఈ పొద్దున చెప్పాను. క్యాన్సర్ అని కాదు, గడ్డ ఉంది, తీస్తే గాని ఏదో తెలియదు అని. కాసేపు పలకలేదు. తర్వాత, ఊడ్చి పదిహేను రోజులు కాలేదు, వంతు నీళ్ళు ఎవరు పెడతారమ్మా అన్నారు. పెద్దతమ్ముడు నేను పెడతానన్నాడు. వాణ్ణి గట్టు మీదకి తీసుకెళ్ళి ఏ మడికి ఏ తూము అని చూపిస్తున్నారు ఇప్పుడు. పెదనాన్న వెనకే ఉన్నారు.

అంబాజీపేట కొబ్బరి రాశారు:

చూపించనీ తల్లీ, తొందరపెట్టకు. గురువారం వెళ్ళేటప్పుడు పాత సీటీ, ఎంఆర్ఐ ఫిల్ములతో పాటు సీడీలు కూడా పట్టుకెళ్ళు. ఫిల్ములు మడతపెట్టకు. బ్లాకు అడగడం మర్చిపోకు. ముక్క రిపోర్టు రావడానికి పది పదిహేను రోజులు పట్టొచ్చు, జన్యుపరీక్షకి ఇంకొంచెం ఎక్కువ. ఆ రోజుల్లో ఇల్లంతా నిద్రపట్టదు, అది నాకు తెలుసు. రాత్రి ఎంతైనా ఇక్కడ రాయి, నేను చూస్తాను. పేరు ఏది వచ్చినా రాయి.